నలగని దుప్పటి

పెద్దమ్మ వేసిన పక్క చూస్తే దాని మీద పడుకోవడానికి మనసు రాదు. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విసురు విసురుతుంది. అది గాలి నింపుకుని మెల్లగా మంచం మీదికి దిగుతుంది. నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి, అరచేతి అంచుతో తలవైపు నుంచి కాళ్ళవైపుకి ఒకసారి రాస్తుంది. చివరగా దిండు దగ్గర దుప్పటి అంచుని రెండు వేళ్ళ వెడల్పున మడిచి పెడుతుంది. ఆ రెండు వేళ్ళ మడత ఆవిడ సంతకం. ఎవరైనా మంచం మీద చెయ్యి ఆనించినా మడత కదులుతుంది, ఆవిడకి తెలిసిపోతుంది. స్టేషన్ వీధిలో ఇన్ని లాడ్జీలున్నా ఇలా పక్కలు వేసే మనిషి ఇంకొకరు లేరని అక్క ఊరందరితో చెప్పుకుంటుంది గాని, పెద్దమ్మ ముందు మాత్రం నోరు మెదపదు. మెచ్చుకుంటే జీతం పెంచమంటుందని ఆమె భయం.

ఆ పన్నెండు గదుల లాడ్జి అక్కదీ తమ్ముడిదీ. పగలు కౌంటరులో అక్క కూర్చుంటుంది, రాత్రి తమ్ముడు. వాడు పిలవడం విని పాలవాడూ, గదుల్లో దిగేవాళ్ళూ, ఆఖరికి తల్లి వయసున్న పెద్దమ్మా ఆమెని అక్కా అనే పిలుస్తారు. తమ్ముడికేమో నలభై దాటినా, నెత్తి మీద జుట్టు సగం సెలవు తీసుకున్నా, అందరికీ చిన్నోడే.

ఆ రోజు పొద్దున పెద్దమ్మ చేతిలో చిన్న సాసరు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. సాసరులో సగం కాలిన దోమలబత్తి, దాని చుట్టూ బూడిద చెక్కుచెదరకుండా వంకర తిరిగి ఉంది.

"ఏడో గదిలో ఎవరు దిగారక్కా?"

"ఎవరో భార్యాభర్తలు. పొద్దున ఆరింటికి వచ్చారని చిన్నోడు చెప్పాడు. ఇందాకే పని మీద బయటికెళ్ళారు. ఏం?"

"తెల్లారాక వచ్చినవాళ్ళకి దోమలబత్తితో పనేంటి? ఇది సగం కాలాలంటే ఎంతసేపు పడుతుందో నీకు తెలీదా?"

అక్క సాసరు అందుకుని చూసింది. నిజమే. ఆరింటికి వెలిగిస్తే ఇంకా కొస కూడా కాలి ఉండదు.

"అది కాదు నా బాధ," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "స్నానాలగది తడిగా ఉంది. సబ్బు విప్పారు. కుర్చీ గోడకేసి తిప్పి ఉంది. పక్క మాత్రం నిన్న నేను వేసింది వేసినట్టే ఉంది. మడత కూడా కదల్లేదు. మొన్న మూడో గదిలోనూ ఇంతే, అంతకుముందు పదకొండులోనూ ఇంతే. చీకట్లో గదిలో ఉన్నారు, మంచం ముట్టుకోలేదు. వాళ్ళు మనుషులా దయ్యాలా? పోనీ నా పక్కకేమైనా రోగమా?"

"నీ పక్కకేం రోగం పెద్దమ్మా."

"మీ నాన్నగారుంటే ఈ పక్క చూసి డబ్బులు వెనక్కిచ్చేసేవారు," అంటూ పెద్దమ్మ చీపురు తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

అక్కకి నవ్వొచ్చింది. నాన్న అంతే. గది తీసుకున్నవాడు బండి దొరికిందనో, చుట్టం పిలిచాడనో వెంటనే దిగి వస్తే, నాన్న ఆయాసపడుతూ మెట్లెక్కి, కళ్ళజోడు సవరించుకుని, మంచం మీదికి వంగి చూసేవాడు. దుప్పటి నలగకపోతే కిందికొచ్చి డబ్బు తిరిగిచ్చేవాడు. నలిగితే ఇచ్చేవాడు కాదు. "దుప్పటి నలిగితేనే రోజు" అన్నది ఆయన చట్టం. ఆ చట్టంతో లాడ్జి ఎలా నడిచిందో ఆ దేవుడికే తెలియాలి. ఎందుకంటే ఆయన తర్వాత అక్క చేతికి వచ్చినప్పుడు పైకప్పు కారుతోంది, గొట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి.

అందుకే అక్క కౌంటరు వెనక బోర్డు పెట్టించింది. 'ఉదయం ఆరు గంటలలోపు వచ్చినవారు ముందురోజు అద్దె కూడా చెల్లించవలెను' అని ఎర్ర అక్షరాలతో. ఆమె సొంతంగా కనిపెట్టిందేమీ కాదు, వీధిలో అన్ని లాడ్జీలదీ అదే పద్ధతి. రాత్రి బండి నిజానికి పన్నెండింటికి రావాలి. ఏనాడూ రెండు దాటకుండా వచ్చిన పాపాన పోలేదు. దిగినవాళ్ళు పడుకునేది మూడు గంటలు, కట్టేది రెండు రోజుల అద్దె. అన్యాయం అంటే అన్యాయమే. కానీ బండి ఆలస్యమైతే లాడ్జీవాళ్ళా బాధ్యులు? బోర్డు పెట్టిన కొత్తల్లో పొద్దున్నే ఎవరో ఒకరు కౌంటరు బల్ల గుద్ది పోట్లాడేవారు. ఈ మధ్య ఒక్క గొడవా లేదు. అది ఎర్ర అక్షరాల మహిమ అని అక్క మురిసిపోతూ వచ్చింది. ఇప్పుడు ఆ సాసరు చేతిలో పెట్టుకుని బోర్డు వంక చూస్తే, మహిమ అక్షరాలది కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

లాడ్జి వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. సాయంత్రం అక్క భర్త పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఈ సంగతి చెప్పింది. ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఏ సమస్య ఇచ్చినా సమాధానం కింద రెండు గీతలు గీస్తే గాని ఆయనకి అన్నం సహించదు.

"చాలా తేలిక," అన్నాడు మాస్టారు, ఎర్ర పెన్ను మూత పెడుతూ. "గదిలో మనుషులున్నారు. నిద్రపోలేదు. ఆ సంగతి మీ తమ్ముడు దాచాడు. రాత్రంతా గదిలో కూర్చుని మంచం ముట్టుకోనివాళ్ళు లోకంలో ఒకళ్ళే ఉంటారు. పేకాటగాళ్ళు."

"పేకాటా! వాడికి పేకలో రాజుకీ జాకీకీ తేడా తెలీదు."

"ఆడేవాడికి తెలియాలి. ఆడించేవాడికి తెలియక్కర్లేదు."

"మొగుడూ పెళ్ళాలు వచ్చి పేకాడతారా?"

"భార్యాభర్తలని నీకు చెప్పింది ఎవరు? వాడే కదా."

మాస్టారు మంచి మనిషే, బావమరిది అంటే ప్రేమే. కానీ లెక్క తేలాక ప్రేమ చూసి మార్కులు వేసే అలవాటు ఆయనకి లేదు.

"నేనేం వాణ్ణి వెళ్ళగొట్టమనట్లేదు. వాడు పగలు నీకు సాయంగా ఉంటాడు. రాత్రి కౌంటరుకి బయటి మనిషిని పెట్టు. నా పాత స్టూడెంటు ఒకడు ఒకటో తారీకు నుంచి వస్తానంటున్నాడు. రేపు వాడికి ఏదో ఒకటి చెప్పాలి. పోలీసులొచ్చి తలుపు కొట్టాక మనం ఎంత మొత్తుకున్నా లాభం లేదు."

"ఎల్లుండి చెప్తానని అనండి," అంది అక్క.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఆమె తమ్ముడి గురించే ఆలోచించింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి చిన్నోడు. ఆ రాత్రి కౌంటరే వాడి ఇల్లూ వాకిలీ, వాడి రాజ్యం. ఏ బండి ఎందుకు ఆలస్యమైందో, ఎవరి పిల్లకి దగ్గు తగ్గిందో, ఏ గదిలో ముసలాయనకి రెండు దిండ్లు కావాలో అన్నీ వాడికే కావాలి. అక్కణ్ణుంచి లేపితే వాడు పైకి ఏమీ అనడు, సరే అక్కా అంటాడు. తర్వాత మనిషి మిగలడు. అయినా వాడు మోసం చేస్తున్నాడంటే? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆలోచన మొరాయించింది. చిన్నప్పుడు బడి దాకా తన కొంగు పట్టుకుని నడిచిన చెయ్యి అది.

మర్నాడు పొద్దున అక్క లాడ్జికి వెళ్ళేసరికి చిన్నోడు తాళంచెవుల బిళ్ళలు తుడుస్తున్నాడు. ఇత్తడి బిళ్ళలు, ఒక్కో దాని మీద ఒక్కో అంకె. ఎవరూ అడగకపోయినా రోజూ తుడిచి వరసగా కొక్కేలకి తగిలిస్తాడు. అక్కని చూసి ఫ్లాస్కు మూత తిప్పి రెండు గ్లాసుల్లోకి టీ వంచాడు. వాడు డ్యూటీ దిగే వేళ, ఆమె ఎక్కే వేళ, ఇద్దరూ కౌంటరుకి చెరోవైపు నిలబడి ఆ టీ తాగుతారు. ఒకే లాడ్జిలో బతికే అక్కాతమ్ముళ్ళు రోజు మొత్తంలో కలుసుకునేది ఆ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపే.

"రాత్రి బండి ఎప్పుడొచ్చింది?"

"ఎప్పట్లాగే. రెండున్నరకి."

"ఎవరైనా దిగారా?"

చిన్నోడు టీ ఊదుకున్నాడు. "అప్పుడెవరూ లేరు. పొద్దున ఆరింటికి ఒకాయన దిగాడు, మూడో గది." అంటూ ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగాడు.

వాడికి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అబద్ధం చెప్పాలంటే చెవి లాగందే మాట రాదు. బెల్లం డబ్బా ఖాళీ అయిందని చెవి లాగాడు, లెక్కల్లో పాసయ్యానని చెవి లాగాడు. ఇంతకాలం ఆ చెవిని చూసి నవ్వుకుంది. ఈ రోజు నవ్వు రాలేదు.

"ఏంటక్కా అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వెళ్ళి పడుకో."

అడగొచ్చు. ఒరేయ్, ఏం చేస్తున్నావురా అని ఒక్క మాట అడగొచ్చు. అడిగితే వాడు ఇంకోసారి చెవి లాగుతాడు, అది చూడటం ఆమె వల్ల కాదు. వాడు సంచీ భుజాన వేసుకుని, గడప దగ్గర ఆగి, "మూడో గదాయనకి నడుంనొప్పి అక్కా, వేణ్ణీళ్ళు ఎక్కువ పంపించు," అని చెప్పి వెళ్ళాడు. పేకాటగాళ్ళకి నడుంనొప్పి రావడంలో వింతేముంది, అనుకుంది అక్క కసిగా. గంట తిరక్కుండా పెద్దమ్మ మళ్ళీ సాసరు పట్టుకుని దిగింది. దాన్ని బల్ల మీద పెట్టి, "కుర్చీ గోడకేసే ఉంది," అని మాత్రం అంది.

ఆ రాత్రి రెండు గంటలకి అక్క లేచింది. చీర సర్దుకుని, మేకుకున్న తాళాల గుత్తి తీస్తుంటే మాస్టారు కళ్ళు తెరవకుండానే, "నేనూ రానా?" అన్నాడు.

"వద్దు. మీరు పడుకోండి."

"నలుగురైదుగురు ఉంటారు. జాగ్రత్త."

"నా తమ్ముడు ఉంటాడు కదా," అంది అక్క. అన్నాక తను ఎవర్ని పట్టుకోవడానికి వెళ్తోందో గుర్తొచ్చింది.

వీధివైపు నుంచి వెళ్తే కౌంటరు ముందే తగులుతుంది. అందుకని పెరటి వాకిలి తీసుకుని, దుప్పట్లు ఆరేసే తీగల కింద నుంచి వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. స్టేషన్‌లో బండి ఆగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి వీధిలో చక్రాల పెట్టెలు గరగరలాడాయి. తర్వాత ముందు గదిలోంచి చిన్నోడి గొంతు, ఎవరితోనో మెల్లగా, నచ్చజెబుతున్నట్టుగా. మాటలు తెలియలేదు. అడుగులు మెట్లెక్కాయి, ఒక తలుపు తెరుచుకుంది, అడుగులు మళ్ళీ దిగిపోయాయి. అక్క ఇంకా కొంతసేపు ఆగింది. ఆట మొదలయ్యాక వెళ్ళాలని మాస్టారు చెప్పాడు మరి.

పై వరండాలో ఏడో గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పెద్ద దీపం లేదు, స్నానాలగది బల్బు వెలుతురు మాత్రం సన్నగా బయటికి పడుతోంది. దోమలబత్తి వాసన వేస్తోంది. ముక్కలు కలిపే చప్పుడు లేదు, మనుషుల మాటలు లేవు. గురక ఒకటి వినిపిస్తోంది. అక్క తలుపు ఇంకాస్త నెట్టి తొంగి చూసింది.

గది మధ్యలో మంచం, దాని మీద పెద్దమ్మ వేసిన దుప్పటి ఒక్క ముడత లేకుండా, దిండు దగ్గర రెండు వేళ్ళ మడతతో తెల్లగా మెరుస్తోంది. మంచానికి అవతల గోడకేసి తిప్పిన కుర్చీలో ఒక బక్కమనిషి కూర్చుని, గోడకి తల ఆనించి గురక పెడుతున్నాడు. మంచం పక్కన నేల మీద పాత శాలువా పరుచుకుని, కొత్త పుస్తకాల సంచీ తలకింద పెట్టుకుని పదేళ్ళ పాప నిద్రపోతోంది. ఆ పాప పక్కన తల్లి గొంతుక్కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. తల మీద ఫ్యాను ఉంది. తిరగడం లేదు.

ఆ తల్లి అక్కని చూసి కంగారుగా లేవబోయింది. "మీరు కింద కౌంటరులో ఆయన చెప్పిన దుప్పట్ల పెద్దమ్మగారాండీ? చూసుకోండమ్మా, మేం మంచం ముట్టుకోలేదు. పాపని కూడా అటు దొర్లనివ్వకుండా కాపలా కూర్చున్నాను."

అక్క గుసగుసగా, "ఎందుకు ముట్టుకోలేదు?" అని అడిగింది.

"కింద తమ్ముడుగారు చెప్పారు కదండీ. ఆరింటిలోపు గదిలో దిగితే నిన్నటి అద్దె కూడా కట్టాలట. మా దగ్గర అంత లేదు. రేపు పాపని హాస్టల్లో చేరుస్తున్నాం, తెచ్చింది దానికే సరిపోతుంది. పోనీ స్టేషన్‌లో కూర్చుందామంటే వెయిటింగ్ రూముకి తాళం వేశారు. అప్పుడాయన, దుప్పటి నలిగితేనే రోజు, మా నాన్న పెట్టిన పద్ధతి, మీరు మంచం ముట్టుకోకుండా ఆరింటి దాకా గదిలో కూర్చోండి, ఆరింటి నుంచి లెక్క అన్నారు."

"కుర్చీ అలా తిప్పారేంటి?"

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అదీ ఆయనే చెప్పారండీ. మంచం ఎదురుగా కనిపిస్తుంటే ఆశ పుడుతుంది, గోడకేసి తిప్పుకోండి అని."

"మరి ఫ్యాను?"

"దాని గురించి ఆయనేం అనలేదు. కరెంటు కాలితే గది వాడినట్టే కదాని ఆ చిన్న బల్బు తప్ప మేమే ఏదీ వేసుకోలేదు. గాలి కోసమే తలుపు పూర్తిగా వెయ్యలేదు."

అక్క మంచం వంక చూసింది. ఎంత పేకాటో ఆడుతున్నారు పాపం, అనుకుంది.

"ఈ సంగతి మీ అక్కగారికి తెలిస్తే కోప్పడతారేమో అని అడిగాను," అంది ఆ తల్లి, విసరడం ఆపకుండా. "మా అక్క కోప్పడదండీ, బాధపడుతుంది, అది ఇంకా కష్టం అన్నారు. పగలంతా కాళ్ళు వాచేలా నిలబడి ఈ లాడ్జిని నిలబెట్టింది, ఆవిడ మాట పోకూడదు, మీ డబ్బూ పోకూడదు, కాబట్టి నా కోసం కాస్త మంచం ముట్టుకోకండి అని బతిమాలారు. అంత మంచిగా అడిగితే ఎలా ముట్టుకుంటామండీ? మీరే ఆయనకి చెప్పండి, మేం మాట తప్పలేదని."

పాప నిద్రలో కదిలి, చెయ్యి చాపి మంచం కోడు పట్టుకుంది. తల్లి వెంటనే ఆ చేతిని మెల్లగా విడిపించి తన ఒళ్ళో పెట్టుకుంది.

అది చూశాక ఇక అక్క ఆగలేకపోయింది. రెండడుగులు వేసి మంచం మీద కూర్చుంది. ఆ తల్లి "అయ్యో!" అంది. అక్క చెప్పులు విడిచి, కాళ్ళు పైకి తీసుకుని, దిండు మీద తల పెట్టి వెల్లకిలా పడుకుంది. ఈ పక్కకి ఒకసారి దొర్లింది, ఆ పక్కకి ఒకసారి దొర్లింది. దుప్పటి అంచు పరుపు కింద నుంచి ఊడి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ గదులు అద్దెకిస్తోంది గాని ఒక్కనాడు కూడా ఒక్క మంచం మీద నడుం వాల్చలేదు. ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి తెలియదు.

"అమ్మా, ఏంటమ్మా ఇది!" ఆ తల్లి ఊడిన అంచుని మళ్ళీ దోపబోయింది. "మడత పోయింది. మేమే నలిపామనుకుంటారు."

అక్క లేచి కూర్చుంది. జుట్టు ముడి ఊడి భుజాల మీద పడింది. "ఎవరూ అనుకోరు. నలిపింది నేను. నలిగిన దుప్పటి ఎలాగూ ఉతకాల్సిందే, మీరు పడుకున్నా ఒకటే, పడుకోకపోయినా ఒకటే. లేపండి ఆయన్ని. పాపని ఇటు ఇవ్వండి."

"కానీ ఆ తమ్ముడుగారు..."

"ఆ తమ్ముడుగారి అక్కని నేనే."

ఆమె చేతిలో అట్టముక్క జారిపోయింది. కుర్చీలో మనిషి ఉలిక్కిపడి లేచి, మొదట మంచం వంక, తర్వాత భార్య వంక చూసి, "ముట్టుకున్నారా?" అన్నాడు భయంగా. అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పాపని ఎత్తి మంచం మధ్యలో పడుకోబెట్టింది. పాప నిద్రలోనే మెత్తదనం తెలుసుకుని దిండులోకి ముఖం దూర్చింది. రేపటి నుంచి ఎక్కడో హాస్టల్లో ఒక్కతే పడుకోవాల్సిన పిల్ల. తల్లీ తండ్రీ ఇద్దరూ చెరోవైపు మంచం అంచున, ఇంకా నమ్మకం లేనట్టు, బిగుసుకుని పడుకున్నారు. అక్క ఫ్యాను వేసి, తలుపు పూర్తిగా దగ్గరికి లాగి బయటికి వచ్చింది.

ముందు మెట్లు దిగుతుంటే చిన్నోడు కౌంటరులోంచి తలెత్తి చూశాడు. పైనుంచి దిగుతున్న అక్క, ఊడిన జుట్టు, నలిగిన చీర. వాడి చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది.

"చెవి వదులు," అంది అక్క.

వదిలాడు.

"ఎన్నాళ్ళుగా జరుగుతోంది ఈ కుర్చీల బాగోతం?"

చిన్నోడు తాళంచెవి బిళ్ళ ఒకటి తీసుకుని, తుడిచిందే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "నువ్వు బోర్డు పెట్టిన వారం నుంచి. నీ బోర్డు తప్పని నేను అనలేదక్కా. పైకప్పుకి ఎంతయిందో నాకు తెలీదా? కానీ చిన్నపిల్లల్ని వెంటేసుకుని వచ్చినవాళ్ళని ఆ వేళలో బయటికి పొమ్మనడం నాకు చేతకాలేదు. మంచం ముట్టుకోకపోతే మనకి ఉతుకు ఖర్చు లేదు, వాళ్ళకి అద్దె బాధ లేదు. ఇందులో ఎవరికి నష్టం?"

"నేల మీద పడుకున్న పిల్లకి నష్టం. కుర్చీలో మెడ విరిగేలా గురక పెట్టేవాడికి నష్టం. ఒరేయ్, గది ఇచ్చి మంచం ఇవ్వకపోవడం ఏంట్రా? సగం ధర్మం చేస్తే ఎవరికి పుణ్యం?"

"మంచం నలిగితే నాన్న లెక్కన నిన్నటి రోజు కూడా పడ్డట్టే కదా. ముట్టుకోకపోతే పెద్దమ్మ కూడా పసిగట్టదనుకున్నాను."

"దోమలబత్తితో ముందే పసిగట్టింది. మీ బావ అయితే నువ్వు పేకాట ఆడిస్తున్నావని తేల్చేశాడు."

"పేకాటా!" చిన్నోడు నిజంగానే నొచ్చుకున్నాడు. "నాకు ముక్కల పేర్లే రావు కదక్కా."

"అదే నేనూ అన్నాను."

అప్పుడే వీధి తలుపు తోసుకుని మాస్టారు లోపలికి వచ్చాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో గొడుగు. వానేమీ లేదు. ఆయుధమన్నమాట. భార్య కోసం నిద్ర మానుకుని వచ్చాడని అక్క గమనించింది గాని పైకి అనలేదు.

"ఎంతమంది దొరికారు?"

"ముగ్గురు," అంది అక్క. "నిద్రపోతున్నారు. మెల్లగా మాట్లాడండి. మీ స్టూడెంటుకి ఇంకో ఉద్యోగం చూసుకోమని చెప్పండి."

సంగతంతా విని మాస్టారు సోఫాలో కూలబడ్డాడు. కాసేపు గొడుగు పిడిని గిల్లుతూ కూర్చుని, "గదిలో మనుషులున్నారు, నిద్రపోలేదు, దాచాడు. అంతవరకూ సరిగ్గానే వచ్చింది," అన్నాడు. "చివరి మెట్టు దగ్గర తప్పింది." ఆయన ఫ్లాస్కు వంక చూస్తే చిన్నోడు మూడో గ్లాసు తీసి తుడిచాడు.

"అయితే అక్కా, ఏడో గదికి ఎప్పట్నుంచి లెక్క రాయను?"

"ఆరింటి నుంచే రాయి. ఇకమీదట ఆలస్యంగా వచ్చినవాళ్ళందరికీ ఆరింటి నుంచే. మంచం మీద పడుకోబెట్టి మరీ."

"మరి దుప్పట్లు? రోజూ అదనంగా రెండు మూడు ఉతకాలి. పెద్దమ్మ ఊరుకుంటుందా?"

"పెద్దమ్మకి ఒక్క దుప్పటి కూడా పెంచను. అవి నువ్వు ఉతుకు."

"నేనా?"

"రాత్రంతా తుడిచిన బిళ్ళలే తుడుస్తున్నావుగా."

పొద్దున ఏడో గదివాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ తల్లి అక్క చేతులు పట్టుకుంది. పాపేమో, "ఆంటీ, మీ మంచం చాలా బాగుంది. మా హాస్టల్లో కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. "ఉంటుంది," అంది అక్క. తర్వాత పెద్దమ్మ పైకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక, ఆ తల్లి వెళ్తూ వెళ్తూ దుప్పటి సరిచేసి, దిండు దగ్గర మడత కూడా పెట్టి వెళ్ళిందని చెప్పింది. "మడత మూడు వేళ్ళొచ్చింది. అయినా పర్లేదు, చెయ్యి మంచిది. ఎలాగైతేనేం నా పక్క మీద ఎవరో ఒకరు పడుకున్నారు," అంది. ముఖం వెలిగిపోతోంది.

కౌంటరు వెనక బోర్డుని ఎవరూ తియ్యలేదు. మాస్టారే ఒక ఆదివారం స్టూలెక్కి ఎర్ర అక్షరాల మీద తెల్లరంగు పూశాడు. కొత్తగా ఏం రాయాలో ముగ్గురికీ తోచక అది అలాగే తెల్లగా ఉండిపోయింది.

ఇప్పుడు టీ కౌంటరు దగ్గర తాగడం లేదు. పొద్దున అక్క వచ్చేసరికి చిన్నోడు పెరట్లో ఉంటాడు, పంచె పైకి ఎగ్గట్టి, తీగల మీద ఆరిన దుప్పట్లు తీస్తూ. దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎడంగా వెళ్ళి, బిగించి, దులిపి, మళ్ళీ దగ్గరికి నడిచి కొసలు కలపాలి. మడత మడతకీ ఇద్దరూ ఎదురెదురుగా వస్తారు. దుప్పట్లు ఎన్నుంటే అన్నిసార్లు. ఒక్కో రోజు టీ చల్లారిపోతుంది.

"అక్కా," అన్నాడు చిన్నోడు ఒక పొద్దున, కొసలు బిగించి పట్టుకుని. "బావ అనుకున్నాడు సరే. నువ్వు కూడా నేను పేకాట ఆడిస్తున్నాననే అనుకున్నావా?"

అక్క దుప్పటి ఒకసారి దులిపింది. "అనుకోలేదు," అంటూ దగ్గరికి నడిచి, వాడి చేతుల్లోంచి కొసలు అందుకోబోయింది. అందుకోబోతూ ఆగింది. ఆమె చెయ్యి ఎడమ చెవి తమ్మె మీద ఉంది.

చిన్నోడు చూశాడు. చూసి, నవ్వు ఆపుకుంటూ దుప్పటిని తన వైపు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు, చిన్నప్పటిలాగే.

"లాగకురా వెధవా, పడతాను," అంది అక్క, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని.